చివరి లైనులో వదిన పేరు

మా వదినకి ముక్కు మీద కోపమని, ఎవరితోనూ కలవదని, అన్నీ తనకే తెలుసనుకుంటుందని మా ఆఫీసులో చెప్పుకుంటారు. మూడూ నిజమే. నేను ఆమె ఆడపడుచుని, ఆ మూడింటినీ ఇంట్లో రోజూ భరించేదాన్ని, ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది. కానీ ఆఫీసులో ఇంకో మాట కూడా చెప్పుకుంటారు. ఆమె పెట్టిన పిచ్చి భాష వల్లే లిఫ్టులు ఆగిపోయేవని, అది పీకేశాకే బాగుపడ్డాయని. ఈ నాలుగోది పచ్చి అబద్ధం. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, అందుకే ఇది రాస్తున్నాను.

మా కంపెనీ లిఫ్టులు చేయదు. లిఫ్టుని నడిపించే పెట్టె చేస్తుంది. కింద వర్క్‌షాపు, అందులో పైకప్పు దాటి లేచిన ఇనుప చట్రం, ఆ చట్రంలో పరీక్ష కోసం పైకీ కిందకీ తిరిగే ఉత్తి లిఫ్టు. పై అంతస్తులో కోడు రాసేవాళ్ల గది. మెట్ల వెనక కిటికీ లేని గదిలో మేం, అంటే ఫోన్లు ఎత్తేవాళ్లం. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఎర్ర బటన్ నొక్కితే మోగేది మా గదిలోనే. మనుషుల్ని పైకీ కిందకీ మోసే పెట్టెలు చేసే చోట మాకు మాత్రం మెట్లే గతి. ఈ ఉద్యోగం నాకు వదినే ఇప్పించింది. "నీ గొంతుకి లిఫ్టు తలుపు మూసున్నా వినపడుతుంది" అంది. మెచ్చుకోలు అనుకుని చేరిపోయాను.

పెట్టెలో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాని నడిబొడ్డున కెర్నెల్ అనేది ఉంటుంది. మిగతా ప్రోగ్రాములన్నీ ఏం కావాలన్నా దాన్నే అడగాలి. వదిన నాకు ఇది విడమరిచి చెప్పిన రోజు నేను ఆమె గొడుగు చెప్పకుండా పట్టుకుపోయి ఎక్కడో మర్చిపోయి వచ్చాను.

"కెర్నెల్ బయట ఉండే ప్రోగ్రాములు అద్దెకున్నవాళ్లలాంటివి. ఎవరి గదికి వాళ్ల తాళం ఉంటుంది," అంది. "కెర్నెల్ లోపల ఉండేవి మనింట్లోవాళ్లలాంటివి. ఎవరి బీరువా ఎవరైనా తెరవొచ్చు. ఎవరి గొడుగు ఎవరైనా పట్టుకుపోవచ్చు. పోయినట్టు వర్షం వచ్చేదాకా తెలీదు."

తలుపు మూసుకోకపోతే కదలకూడదు, బరువు ఎక్కువైతే కదలకూడదు, అంతస్తు దగ్గరపడితే వేగం తగ్గించాలి లాంటి నియమాలన్నీ పూర్వం కెర్నెల్ బయట ఉండేవి. పెట్టెకి పని ఎక్కువైనప్పుడు అవి తమ వంతు కోసం కాచుక్కూర్చునేవి. తలుపు సంగతి తేలేసరికి ఆలస్యమయ్యేది. ఈ నియమాల్ని లోపలికే తీసుకుపోదామని, అదీ ఫంక్షనల్ అనే రకం ప్రోగ్రామింగ్ భాషలో రాసి తీసుకుపోదామని వదిన పట్టుబట్టింది. ఆ భాషలో ఒకసారి ఒక పేరుకి విలువ పెడితే ఇంక అది మారదు. కొత్తది కావాలంటే కొత్తదాన్ని పుట్టించుకోవాలి తప్ప పాతదాన్ని చెరిపి రాయకూడదు. అడిగిన ప్రశ్నకి ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. మనుషుల్ని మోసే యంత్రానికి ఇంతకంటే ఏం కావాలి అని ఆమె వాదన.

కెర్నెల్లో ఎక్కడైనా సి భాషే రాస్తారు. అలాంటి చోట ఇలాంటిది పెట్టడం తలకు మించిన పని. పాతవి చెరపరు కాబట్టి అవన్నీ కుప్పపడతాయి, ఎవరో ఒకరు ఊడ్చాలి. బయటైతే ఊడ్చేంతసేపు అందరూ ఆగినా ఫర్వాలేదు. లిఫ్టు అంతస్తుల మధ్య ఉండగా కెర్నెల్ ఆగితే బ్రేకుకి చెప్పే దిక్కుండదు. వదిన దీనికొక దారి కనిపెట్టింది. లిఫ్టు ఒక అంతస్తులో నిలబడి, తలుపులు తెరుచుకుని, జనం ఎక్కుతూ దిగుతూ ఉండే ఆ కాసేపట్లో ఊడ్పు అయిపోవాలి. ఆ కాసేపట్లో ఊడ్చగలిగినంత చెత్తే దారిలో పుట్టాలి. ఈ లెక్క కుదరడానికి ఆమెకి ఏళ్లు పట్టింది. మేమిద్దరం ఎక్కడికైనా వెళ్లి లిఫ్టు ఎక్కబోతుంటే, ముందు తోసుకుని దూరేవాళ్లని చూసి నా చెవిలో "నెమ్మది, లోపల ఊడుస్తున్నారు" అనేది. ఆమె వేసిన జోకుల్లో బాగున్నది అదొక్కటే.

కెర్నెల్లో తాళాలుండవు కదా, అందుకని ఆమె తన విలువలకి తనే కాపలా పెట్టుకుంది. ప్రతి విలువకీ పుట్టినప్పుడే ఒక గుర్తు వేస్తుంది. వాడుకునే ముందు ఆ గుర్తు సరిపోయిందా అని చూస్తుంది. సరిపోకపోతే ఎవరో దాని మీద రాశారన్నమాట. తప్పుడు విలువతో మనిషిని మోయకూడదు. అందుకని బ్రేకు బిగించి, దీపం వెలిగించి, లిఫ్టుని ఉన్నచోటే ఆపేస్తుంది.

ఇది మొదటిసారి అందరికీ చూపించిన రోజు వదిన ఒక మాట అంది. "తప్పు జరిగితే బయటివాళ్ల వల్ల జరగాలి గాని, ఈ భాష వల్ల జరగదు." పనికిరాని మాట. అనకుండా ఉండాల్సింది. ఆ గదిలో మిగతావాళ్లంతా బయటివాళ్లే. ఈ భాష నేర్చుకోండి అని ముగ్గురినో నలుగురినో అడిగింది గాని, అడిగిన తీరు చూస్తే నాకే నేర్చుకోబుద్ధి కాలేదు. ఎవరూ నేర్చుకోలేదు.

ఇక మా పద్ధతి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. పెట్టె చచ్చిపోయే ముందు తన బుల్లి తెర మీద కొన్ని లైన్లు రాస్తుంది. ఏ భాగం ఏ భాగాన్ని పిలిచింది, ఆఖరికి ఎవరు పనిలో ఉండగా ఆగింది. మెకానిక్కు దాన్ని ఫోటో తీసి మాకు పంపుతాడు. చివరి లైనులో ఏ భాగం పేరుంటే ఆ భాగం రాసినవాళ్ల బల్లకి మేం దాన్ని పంపాలి. కోడు గదిలో గోడ మీద ఒక బోర్డు ఉంటుంది, అందులో వాళ్ల పేరు కింద ఒక గీత పెట్టాలి. చివరి లైను ఎవరిదైతే తప్పు వాళ్లది. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. తగువులు లేకుండా పని జరిగిపోతోంది కాబట్టి ఎవరూ అడగలేదు కూడా.

కొత్త పెట్టెలు కొన్ని పెద్ద భవనాలకి వెళ్లాయి. వెళ్లిన కొన్నాళ్లకే ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన ఇంటర్వ్యూకి వెళ్తూ ఇరుక్కుపోయి, నన్నే ఇంటర్వ్యూ చేసినట్టు ప్రశ్నలు వేశాడు. ఒకావిడ బిడ్డ ఏడుస్తుంటే నన్ను ఫోన్లోనే ఉండమని, మెకానిక్కు వచ్చేదాకా పాటలు పాడింది. ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ప్రతి ఫోటోలోనూ ఆఖర్న ఒకటే లైను. "నియమాల భాగం: విలువ మారింది, ఆపుతున్నాను." నియమాల భాగం వదినది. నేనే వెళ్లి బోర్డు మీద ఆమె పేరు కింద గీతలు పెట్టాను. ఇంకెవరి పేరు కిందా అన్ని గీతలు ఎప్పుడూ లేవు.

"మా కోడలు లిఫ్టులు ఆపే ఉద్యోగం చేస్తోంది" అని మా అమ్మ పక్కింటివాళ్లతో అనేది. మొదట్లో వదిన కూడా నవ్వేది.

కోడు గదికి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఎవరైనా మాట్లాడుతుంటే చేతి గడియారం చూసుకుంటాడు కాబట్టి మేం గడియారం అంటాం. ఆయన మీటింగు పెట్టాడు. ఫోన్ల గది తరఫున నేనూ వెళ్లాను.

"బోర్డు చూశారా మేడం?" అన్నాడు.

"చూశాను సార్. ఆ గీతలు పెట్టింది మా ఆడపడుచే."

"మరి?"

"ఆపింది నాదే. చెడగొట్టింది నాది కాదు. నా విలువ మీద ఇంకెవరో రాశారు."

"ఎవరు?"

"తెలీదు సార్. రాసినవాళ్లు రాసి వెళ్లిపోయాక కదా నాది చూసేది."

"అంటే దొంగ ఉన్నాడు, కానీ దొంగెవరో తెలీదు."

మోటారు భాగం రాసే అతను పక్కనే కూర్చున్నాడు. చకచకా రాస్తాడని అతన్ని మెరుపు అంటారు. మంచివాడు, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు పలకరించేది అతనే. "అక్కా, నీ భాషలో తప్పే జరగదన్నావుగా" అన్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగా ఆటపట్టించినట్టే అన్నాడు. అందరూ నవ్వారు. వదిన మొహం మాడ్చుకుంది.

"ముందు మనిల్లు మనం చూసుకుందాం మేడం. పక్కింటి సంగతి తర్వాత," అని గడియారం లేచిపోయాడు.

శవాన్ని చూసి కేక వేసినవాణ్నే హంతకుడని పట్టుకెళ్లినట్టుంది ఇది. నేను ఇంట్లో గొంతు చించుకున్నాను. వదిన మాత్రం రోజూ పొద్దున భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని తను రాసిందే తను మళ్లీ మళ్లీ చదివేది. మా అన్నయ్య టీ పెట్టి పక్కన ఉంచితే అది చల్లారిపోయేది. మిగతావాళ్ల కోడు తెరిచి చూసే హక్కు ఆమెకి ఉంది. కానీ చూడలేదు. ఇంతమంది నీదే నీదే అంటే మనిషి నమ్మేస్తుంది కాబోలు. ఒక రోజు తలెత్తి "నాదే ఏమో చిట్టీ" అంది. అంతకంటే ఆమె కోపమే నయం.

ఆ తర్వాత పరీక్ష అన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా లిఫ్టు ఆగుతున్న భవనం ఒకటి చూసి, అక్కడి పెట్టెలోంచి వదిన పెట్టుకున్న కాపలా ముక్క ఒక్కటీ తీసేసి వదిలారు. గుర్తు సరిపోయిందా లేదా అని చూసే ఆ ముక్క లేకుండా లిఫ్టు తిరిగింది. ఒక్కసారీ ఆగలేదు. మళ్లీ మీటింగు.

"తీశాం. ఆగడం లేదు. ఇంకేం రుజువు కావాలి మేడం?"

"మంట చూసి మోగే గంటని పీకేస్తే గంట మోగదు సార్. మంట అలాగే ఉంటుంది."

"ఎక్కడ మంట? చూపించండి."

ఆమె దగ్గర చూపించడానికి ఏమీ లేదు. భాషని మొత్తం తీసేయాలని అప్పుడే తేల్చేశారు. నియమాలన్నీ సి భాషలో తిరగరాసి, మోటారు భాగం పక్కన పెట్టాలి. కారణం దొరికిందని, ఫలానా భాషని తీసేస్తున్నామని కస్టమర్లందరికీ ఆ సాయంత్రమే చెప్పేశారు. తీసేసే పని ఎవరు చేయాలి? ఆ భాష వచ్చినది ఒక్కతే. కాబట్టి ఆమే చేయాలి. తన ఇల్లు తనే పడగొట్టి ఇటుకలు పక్కన పేర్చమన్నారు. ఆమె సరేనంది. ఆ సరే వినగానే నేను బయటికి వచ్చేశాను, లేకపోతే ఆ గదిలో ఏదో ఒకటి పగలగొట్టి ఉండేదాన్ని.

ఆ వారంలోనే ఒక రోజు భోజనాల దగ్గర నేను అమ్మతో నా గోడు వెళ్లబోసుకుంటున్నాను. ఒకడు ఫోన్ చేసి నన్ను నానా మాటలూ అన్నాడని. లిఫ్టు అంతస్తుకి బెత్తెడు పైన ఆగిందట, వాళ్లమ్మ దిగబోతూ కాలు జారి పడి గడ్డానికి కుట్లు పడ్డాయట. నేనేదో ఆవిణ్ని తోసినట్టు అరిచాడు.

వదిన చెయ్యి పళ్లెంలోనే ఆగింది. "లిఫ్టు ఆగిపోయిందా?"

"లేదు వదినా. అంతస్తుకి వచ్చే ఆగింది, కాస్త పైన ఆగింది అంతే. తలుపులు తెరుచుకున్నాయి, మళ్లీ కదిలి వెళ్లిపోయింది."

"ఫోటో?"

"పెట్టె చావలేదు కదా, ఫోటో ఎక్కణ్నుంచి వస్తుంది? చివరి లైను లేందే ఎవరి బల్లకి పంపను? చిన్న ఫిర్యాదుల్లో పడేశాం."

"ఏ భవనం?"

పరీక్ష పెట్టిన భవనమే. వదిన చెయ్యి కడుక్కుని లేచిపోయింది. "అన్నం సగంలో వదిలేస్తారా ఎవరైనా" అని అమ్మ నన్ను తిట్టింది.

మర్నాడు ఆఫీసులో ఆమె తన కోడు మూసేసి మెరుపు కోడు తెరిచింది. లిఫ్టు ఏదైనా అంతస్తులో ఆగిన ప్రతిసారీ, వచ్చేసారి ఎంత ముందు బ్రేకు వేయాలో మోటారు భాగం నేర్చుకుని ఆ అంతస్తు పేరున ఒక గడిలో రాసుకుంటుంది. గడులన్నీ వరసగా ఉంటాయి. నేల అంతస్తుకి ముందు సెల్లారుకని ఒక గడి ఉంది. ఒకటే ఉంది. అప్పటిదాకా మా పెట్టెలు వెళ్లిన ఏ భవనానికీ అంతకంటే ఎక్కువ సెల్లార్లు లేవు, వర్క్‌షాపులో పరీక్ష చట్రానికి అసలు సెల్లారే లేదు. కొత్త భవనాలకి కింద రెండు. ఎవరైనా కారు కోసం అడుగు సెల్లారుకి దిగినప్పుడల్లా మోటారు భాగం వరస దాటి వెనక్కి వెళ్లి, లేని గడిలో రాసేది. ఆ చోట ఉన్నది వదినది. లిఫ్టు ఎంత ఎత్తులో ఉందో ఆమె అక్కడే దాచుకునేది. కాపలా ఉన్నప్పుడు అది చూసి ఆపింది. కాపలా తీసేశాక ఆ తప్పుడు ఎత్తునే నమ్మి బెత్తెడు పైన నిలబడింది. అంతే కథ. చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆమె గడియారానికి చూపించింది. ఆయనకి అర్థమైంది కూడా.

"మంచిది మేడం. ఎలాగూ మీ భాష తీసేస్తున్నారుగా, అందులోనే ఇదీ సరిచేసి కలిపేయండి."

"సార్, తీసేయడం ఆపండి. ముందు ఇదొక్కటి సరిచేసి పంపుదాం. నా భాష ఉండగానే లిఫ్టులు ఆగకుండా తిరుగుతాయి. అప్పుడు మీకే తెలుస్తుంది."

"కస్టమర్లకి కారణం చెప్పేశాం కదా. అది కాదు, ఇంకోటి అంటే మనకేమీ తెలీదనుకుంటారు."

"తెలీలేదు కదా సార్."

ఆయన గడియారం చూసుకున్నాడు. "మెకానిక్కుల్ని అన్ని భవనాలకీ రెండుసార్లు తిప్పలేను. మార్పు ఒక్కసారే వెళ్తుంది. రెండూ కలిపి పంపండి."

వదిన ఇంటికి వచ్చి ఇదంతా చెప్పింది. రెండూ కలిపి వెళ్తే ఏమవుతుందో నాకు కూడా అర్థమైంది. భాష పోతుంది, తప్పూ పోతుంది, లిఫ్టులు హాయిగా తిరుగుతాయి. దేనివల్ల బాగుపడ్డాయో ఇక ఈ జన్మలో ఎవరూ చెప్పలేరు. భాష తీసేశారు, బాగుపడ్డాయి అంటారు. ఆమె తన మీద పడ్డ నిందకి తనే రుజువు తయారుచేసి ఇవ్వాలి.

"ఒక పని చెయ్ వదినా," అన్నాను. "తీసేయమన్నది తీసెయ్. సరిచేసేది మాత్రం చెయ్యకు. గడియారానికి ఆ గడుల గోల ఒంటిగా చేతకాదు. నాలుగు రోజులు పోతే వాళ్లే కాళ్లబేరానికి వస్తారు."

"నా భాష తీసేశాక ఆ చోట ఏం వచ్చి కూర్చుంటుందో తెలుసా నీకు?"

"నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు. తలుపు మూసుందా తెరిచుందా అనేది వచ్చి కూర్చోవచ్చు. అప్పుడు ఆపేవాళ్లు కూడా ఉండరు." నా వైపు తిరిగింది. "ఆ నాలుగు రోజుల్లో ఎవరి కాలో పోతే ఫోన్ ఎత్తేది నువ్వే చిట్టీ. విని ఇంటికొచ్చి నాకు చెబుతావా?"

నా సలహా వదిలేశాను. కోపం మాత్రం తగ్గలేదు. ఈవిడ ఇంత మంచిది కాకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె మెరుపుకి కూడా చెప్పింది. మెట్ల మలుపులో నిలబడి చెబుతుంటే నేను ఫోన్ల గది గుమ్మంలోంచి విన్నాను. మొదట అతను నవ్వుతూనే విన్నాడు. తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు.

"రెండో సెల్లారు ఉంటుందనుకోలేదక్కా."

"ఎవరూ అనుకోలేదు. చూడాల్సినప్పుడు నేనూ చూడలేదు."

"ఇన్నాళ్లూ నిన్ను అందరూ... నేను కూడా..." అని ఆగిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నేను చెబుతాను. అందరి ముందూ నేనే చెబుతాను. అది నీ తప్పు కాదని."

"చెప్పు," అంది వదిన. ఆ ఒక్క మాటే అంది, కానీ ఎంత మెత్తగా అందంటే ఆ గొంతు ఆమెదేనా అని నేను తొంగి చూశాను. అతను చెబుతాడని ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. అలాంటి మనిషి అతను.

తీసేయడం మొదలుపెట్టింది. రోజూ కొంచెం కొంచెంగా. ఊడ్చే భాగం ఆఖర్న తీసింది. ఆ రోజు ఇంటికొచ్చి, తోమి పెట్టిన మధ్యాహ్నం గిన్నెలన్నీ మళ్లీ తోమింది. గడుల తప్పు కూడా సరిచేసింది, రెండు సెల్లార్లకే కాదు, ఎన్ని ఉన్నా సరిపోయేలా. అందులో ఎవరి పేరూ లేదు. మోటారు భాగంలో మార్పు కాబట్టి మెరుపు బల్ల మీంచే వెళ్లింది.

మార్చిన కోడు అన్ని భవనాలకీ వెళ్లింది. ఫోన్లు ఆగిపోయాయి. లిఫ్టులు ఆగకపోయేసరికి మా గదిలో పని లేక ఇద్దరిని పంపించేశారు. నన్ను మాత్రం ఉంచారు. వదిన మొహం చూసి ఉంచారట. గడియారమే ఆ మాట చెప్పాడు, మేలు చేసినట్టు.

తర్వాత ఒక రోజు అందరినీ వర్క్‌షాపులోకి రమ్మన్నారు. పరీక్ష చట్రం పక్కన కుర్చీలు వేశారు, కాగితం కప్పుల్లో టీ ఇచ్చారు. లిఫ్టులు ఎన్నిసార్లు ఆగాయో చెప్పే గ్రాఫు గీత ఒకటి గోడ మీద చూపించారు. ఆ గీత పైపైకి ఎగబాకి, ఒకచోట నిట్టనిలువుగా పడిపోయి నేలకి అంటుకుంది. పడిపోయినచోట "భాష తొలగింపు" అని రాసుంది. గడియారం ఆ రోజు ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. చాలాసేపు మాట్లాడి, ఇంత తక్కువ సమయంలో నియమాలన్నీ మోటారు భాగంతో కలిపి నిలబెట్టినందుకు మెరుపుని మెచ్చుకుని, రెండు మాటలు చెప్పమన్నాడు.

మెరుపు లేచాడు. లేచి వదిన వైపు చూశాడు. వదిన చేతిలో కప్పు కింద పెట్టి నిటారుగా కూర్చుంది. ఆమె మొహం నాకు పక్క నుంచి కనిపిస్తోంది. చిన్నపిల్లలు తమ పేరు పిలుస్తారని ఎదురుచూసేటప్పుడు ఎలా ఉంటారో అలా ఉంది.

"నాకన్నా ముందు అక్కకి థాంక్స్ చెప్పాలి," అన్నాడు. మళ్లీ గోడ మీద గీతని చూశాడు, గడియారాన్ని చూశాడు, కింద నేలని చూశాడు. "నిజంగా చెబుతున్నాను. ఏళ్ల తరబడి కట్టుకున్నది. అది అడ్డమొస్తోందని తెలిశాక పట్టుదలకి పోకుండా, తన చేత్తో తనే తీసేసింది. అలా ఎవరు చేస్తారు? అక్కది చాలా పెద్ద మనసు."

అతని కళ్లల్లో నీళ్లు నిజమైనవే. అందుకే ఎక్కువ అసహ్యం వేసింది నాకు. గదంతా చప్పట్లు. ఇన్నాళ్లూ ఆమెతో సరిగ్గా మాట్లాడనివాళ్లు కూడా వెనక్కి తిరిగి ఆమెని చూసి మనస్ఫూర్తిగా కొట్టారు. ముక్కు మీద కోపం ఉన్న మా వదిన లేచి కుర్చీ విసిరేస్తుందేమో అని చూశాను. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. అందరూ ఆపేదాకా కొట్టింది.

మెరుపు ఆ రోజు నుంచి ఆమె ఎదురైతే మొహం చాటేస్తాడు. ఆమె ఇప్పుడు అతని కింద, సి భాషలో, తలుపుల భాగం రాస్తోంది.

ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే నేను ఉండబట్టలేక అడిగేశాను. "వాడు అలా అంటే నువ్వెందుకు కొట్టావు వదినా చప్పట్లు?"

"ఏం చెయ్యమంటావు చిట్టీ," అంది. "చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."